ఏడవ దయాకార్యం: తోబీతు కథ, తెలుగు కతోలిక సంప్రదాయం – కోనసీమ నుంచి ఒక పరిశీలన

తెలుగు సాహిత్య చరిత్రలలో పింగళి ఎల్లనార్యుడి ‘సర్వేశ్వర మాహాత్మ్యము’నకు సాధారణంగా దక్కేది ఒక్క పేరా. ‘తోభ్యా చరిత్ర’ అనే నామాంతరం, తొలి క్రైస్తవ కావ్యాలలో ఒకటనే ప్రశస్తి, కాలనిర్ణయం గురించి పండితుల భిన్నాభిప్రాయాలు – ఇంతటితో ప్రస్తావన ముగుస్తుంది. కాలం గురించి ఇంత శ్రద్ధ చూపిన చరిత్రకారులు వస్తువు గురించి అంతగా పట్టించుకోలేదు. క్రైస్తవ మతాన్ని తెలుగు పద్యంలోకి తేదలచిన కవికి సహజంగా తోచవలసినది క్రీస్తు చరిత్ర. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’లో చేసినది అదే. ఎల్లనార్యుడి కావ్యం మాత్రం పాత నిబంధనలోని ఒక గృహస్థుడి కథను ఎన్నుకొంది. ఆ గృహస్థుడు రాజు కాడు, ప్రవక్త కాడు, యోధుడు కాడు. అన్నం పెట్టడం, బట్టలివ్వడం, దిక్కులేని శవాలను పూడ్చిపెట్టడం అతడి పనులు. ఆపదలో ఉన్నవారి పట్ల దయ చూపడమనే కతోలిక ఆచారానికి తెలుగులో ఈ కథ ఎలాంటి మూలబిందువు కాగలిగిందో, ఆ ఆచారం తెలుగు నేలపై ఏయే చిక్కులను ఎదుర్కొందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథ చాలామంది తెలుగు పాఠకులకు తెలియదు. ఇందుకు స్పష్టమైన చారిత్రక కారణం ఉంది. తోబీతు గ్రంథం కతోలిక బైబిలులో ఉంటుంది; ప్రొటెస్టెంటు బైబిలులో ఉండదు. 1546లో ట్రెంట్ మహాసభ దీనిని పవిత్ర గ్రంథాల జాబితాలో ధ్రువపరచింది. లూథర్ దీనిని చదువదగిన పుస్తకంగా గౌరవించినా ప్రామాణిక గ్రంథాల సరసన నిలపలేదు. 1826లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ ఇలాంటి గ్రంథాలను తన ముద్రణల నుంచి మినహాయించాలని తీర్మానించింది. తెలుగునాట ఇంటింటికీ చేరిన బైబిలు ప్రధానంగా ప్రొటెస్టెంటు సంఘాల కృషి ఫలితం కనుక, తెలుగువారి బైబిలు జ్ఞానంలో తోబీతుకు చోటు లేకపోయింది. ‘పవిత్ర గ్రంథము – క్యాతలిక్ అనువాదము’ చదివేవారికే ఆ పేరు పరిచితం. ఎల్లనార్యుడి కావ్యాన్ని మన విమర్శ ఒక పేరాతో దాటిపోవడానికి ఇది ప్రధాన కారణమని నా అభిప్రాయం. కథ తెలియని కావ్యంలో కవి చేసిన మార్పు ఏదో, నిలుపుకొన్నది ఏదో పోల్చుకోవడం సాధ్యం కాదు.

కనుక కథను క్లుప్తంగానైనా చెప్పుకోవాలి. తోబీతు నఫ్తాలి గోత్రానికి చెందిన యూదుడు. అస్సీరియా రాజులు అతడిని తన జనంతోపాటు నీనెవె నగరానికి బందీగా తీసుకుపోయారు. అక్కడ అతడు ఆకలిగొన్నవారికి భోజనం, బట్టలేనివారికి బట్టలు ఇస్తాడు. రాజు సన్హెరీబు చంపించి కోట గోడల వెలుపల పారవేయించిన తనవారి శవాలను రహస్యంగా పూడ్చిపెడతాడు. సంగతి రాజుకు తెలుస్తుంది. తోబీతు పారిపోతాడు; ఆస్తి జప్తవుతుంది. రాజు మరణించాక తిరిగివస్తాడు. పండుగనాడు భోజనానికి కూర్చుని, పేదవాడెవరైనా కనిపిస్తే తీసుకురమ్మని కొడుకును పంపుతాడు. కొడుకు అతిథికి బదులు, వీధిలో ఒక శవం పడి ఉందనే వార్తతో వస్తాడు. తోబీతు విస్తరి ముందునుంచి లేచిపోతాడు. శవాన్ని తెచ్చి దాచి, పొద్దుగూకిన తరువాత పూడ్చిపెడతాడు. పాత శిక్ష మరచిపోయి మళ్లీ అదే పని చేస్తున్నాడని ఇరుగుపొరుగువారు నవ్వుతారు. ఆ రాత్రి అతడు ముంగిట గోడవారగా పడుకుంటాడు. పిచ్చుకల రెట్ట కళ్లలో పడి తెల్లని పొరలు కమ్ముతాయి. వైద్యులు మందులు వేసినకొద్దీ చూపు మందగించి, చివరకు పూర్తిగా పోతుంది.

తక్కిన కథ కొడుకు తోబియా ప్రయాణం. మాదియా దేశంలో దాచిన పది తలాంతుల వెండి తెచ్చుకోవడానికి బయలుదేరిన అతడికి రఫాయేలు దేవదూత మనిషి రూపంలో తోడవుతాడు. వారి వెంట ఒక కుక్క కూడా నడుస్తుంది. తీగ్రిసు నదిలో పట్టిన చేప గుండె, కాలేయం, పిత్తం మందులవుతాయి. ఏడుగురు భర్తలను పెళ్లిరాత్రే పోగొట్టుకొన్న సారాను పీడిస్తున్న భూతం తొలగుతుంది. పెళ్లి జరుగుతుంది. చేప పిత్తంతో తండ్రికి చూపు వస్తుంది. ప్రయాణం, మారువేషం, పిశాచం, వివాహం – ప్రబంధకవికి కావలసిన సామగ్రి అంతా ఇందులో ఉంది. అయినా ఈ సామగ్రిని కదిలించే తొలి చర్య ఒక శవాన్ని పూడ్చడం. ఈ గ్రంథపు ప్రాచీనతకు మరో ఆధారం 1952లో కుమ్రాన్ గుహలలో దొరికింది. అరమాయిక్, హీబ్రూ భాషలలోని తోబీతు శకలాలు అక్కడ బయటపడ్డాయి.

కతోలిక ధర్మోపదేశంలో శారీరక దయాకార్యాలు ఏడు. ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీరు, బట్టలేనివారికి బట్ట, నిలువనీడ లేనివారికి ఆశ్రయం, రోగులకు పరామర్శ, చెరలో ఉన్నవారికి పరామర్శ లేదా విముక్తి – ఈ ఆరు మత్తయి సువార్త ఇరవై అయిదవ అధ్యాయంలోని తుది తీర్పు ఘట్టం నుంచి వచ్చాయి. ఏడవది మృతులను పూడ్చడం. ఇది మత్తయి జాబితాలో లేదు. మధ్యయుగాల సంప్రదాయం తోబీతు ఆదర్శం మీద దీనిని చేర్చింది. అంటే ప్రొటెస్టెంటు బైబిలు వదిలేసిన గ్రంథమే కతోలిక దయాకార్యాల సంఖ్యను పూర్తి చేసింది.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక అంశం ఉంది. తెలుగు శాఖలవారికి ఇది ఆసక్తికరం కావచ్చు. తోబీతు గ్రంథంలో దానాన్ని సూచించే గ్రీకు మాటకు మూలార్థం కరుణ. దాని వెనుక ఉన్న హీబ్రూ సంప్రదాయంలో ‘సెదకా’ అనే మాటకు మొదటి అర్థం నీతి, న్యాయం. తరువాతి కాలంలో అదే మాట పేదకు ఇచ్చే భిక్షకు పేరయింది. ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే జాలి, పుచ్చుకొనేవాడి వైపు నుంచి చూస్తే న్యాయంగా రావలసినది – రెండూ ఒకే చర్య. తెలుగులో ‘ధర్మం’ అనే మాట కూడా ఇదే దారిలో నడిచింది. శాస్త్రగ్రంథంలో ధర్మం అంటే కర్తవ్యం, న్యాయం. వీధిలో ‘ధర్మం చెయ్యండి బాబూ’ అన్నప్పుడు అది పిడికెడు బియ్యం. ధర్మసత్రం, ధర్మకర్త, ధర్మాసుపత్రి అనే సమాసాలలో రెండు అర్థాలూ విడదీయలేనట్లు కలిసిపోయాయి. భిక్షకుడు ‘దయ చూపండి’ అనడు అని కాదు. అది కూడా అంటాడు. కానీ ‘ధర్మం’ అన్నప్పుడు అతడు తెలిసో తెలియకో ఎదుటివాడి బాధ్యతను గుర్తుచేస్తున్నాడు. క్రైస్తవ తెలుగు పరిభాషలో దయ, కృప, కనికరం అనే మాటలకు ప్రాచుర్యం ఎక్కువ. అవి దేవుడికి, మనిషికి మధ్య సంబంధాన్ని చెప్పడానికి చక్కగా సరిపోతాయి. మనిషికి, మనిషికి మధ్య అవే మాటలను వాడినప్పుడు ఇచ్చేవాడు ఒక మెట్టు పైన నిలుస్తాడు. తోబీతు చేసినదానికి తెలుగులో దగ్గరి మాట ‘ధర్మం’ అనే నేను భావిస్తున్నాను.

సంస్కరణవాదులకు ఈ గ్రంథం మీద ఉన్న అభ్యంతరాలలో ఒకటి సరిగ్గా ఇక్కడే ఉంది. దానం మరణం నుంచి తప్పిస్తుందని, పాపాన్ని కడుగుతుందని రఫాయేలు చేత చెప్పించిన మాట విశ్వాసం వల్లనే రక్షణ అనే సిద్ధాంతానికి మింగుడుపడలేదు. అలాగని తోబీతు లేని బైబిలు చదివినవారు దయాకార్యాలలో వెనుకబడ్డారనడం పొరపాటు. కె.గంగవరానికి పొరుగునే ఉన్న రామచంద్రపురంలో కుష్ఠువ్యాధిగ్రస్తుల ఆశ్రమాన్ని నడిపినవారు కెనడా బాప్టిస్టు మిషనరీలు. వారికి మత్తయి సువార్త చాలింది. తేడా సేవ చేయడంలో లేదు. సేవల జాబితాలో శవానికి కూడా చోటుందా అనే దగ్గర ఉంది.

కె.గంగవరం మండలం గౌతమీ తీరాన ఉన్న డెల్టా ప్రాంతం. మండలంలోని కోటిపల్లి సోమేశ్వరాలయానికి, రేవుకు ప్రసిద్ధి. అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. పితృకర్మలకు, పిండప్రదానాలకు జనం ఈ రేవుకు వస్తారు. మృతుల పట్ల కర్తవ్యం ఇక్కడ కొత్తగా నేర్పవలసిన భావన కాదు. అయితే ఆ కర్తవ్యం ప్రధానంగా రక్తసంబంధానికి చెందినది. కర్మ చేయవలసినవాడు కొడుకు, లేకుంటే దాయాది. తోబీతు పూడ్చిన శవాలు అతడి దాయాదులవి కావు. దిక్కులేని శవం విషయంలో మన సంప్రదాయం మౌనంగా ఏమీ లేదు. అనాథప్రేత సంస్కారం అశ్వమేధంతో సమానమైన ఫలమిస్తుందనే నమ్మిక పురోహిత వ్యవహారంలో ప్రసిద్ధమే. అంత పెద్ద ఫలం చూపవలసి వచ్చిందంటే ఆ పనికి సామాన్యంగా ఎవరూ ముందుకు రారనే అర్థం చేసుకోవాలి. కారణం మైల. ఈ విషయంలో తోబీతు సమాజం మనకు దూరమైనది కాదు. శవాన్ని తాకిన తరువాత అతడు స్నానం చేసి, ఇంటిలోపలికి పోకుండా ముంగిట పడుకోవడం, అక్కడే కళ్లు పోగొట్టుకోవడం కథలో గమనింపదగిన వరుస. శవస్పర్శ మైల అన్న నియమాన్ని యూదు ధర్మశాస్త్రం ఎంత కచ్చితంగా పాటించిందో తెలిసిన పాఠకుడికి ఆ ముంగిలి అర్థమవుతుంది. తెలుగు పల్లె పాఠకుడికి వ్యాఖ్యానం అవసరమే లేదు.

ఈ సందర్భంలో హరిశ్చంద్రుడు గుర్తుకు రాక మానడు. గౌరన ద్విపదలోనూ, బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోనూ తెలుగువారు మళ్లీమళ్లీ చూసిన కాటికాపరి ఆయన. ఆ నాటక ప్రదర్శనలలో గుర్రం జాషువ శ్మశానపద్యాలను పాడడం ఆనవాయితీ అయింది. ఒక క్రైస్తవ దళిత కవి పద్యాలు కాశీ శ్మశానంలో నిలిచిన సూర్యవంశపు రాజు నోట పలకడం మన రంగస్థలం సాధించిన అరుదైన న్యాయాలలో ఒకటి. హరిశ్చంద్రుడి పరీక్ష సత్యానికి సంబంధించినది. కన్నకొడుకు శవానికి కూడా కాటిసుంకం అడగడం అతడి నిష్ఠ. తోబీతు పరీక్ష దీనికి తలకిందులు: సుంకం లేదు, యజమాని లేడు, పూడ్చవద్దన్నది సాక్షాత్తు రాజు. ఒకరు నియమాన్ని నిలపడానికి దుఃఖాన్ని దిగమింగారు. మరొకరు శవాన్ని నేలకు చేర్చడానికి రాజాజ్ఞను ధిక్కరించారు. ఇద్దరినీ పక్కపక్కన నిలిపి చూస్తే, కాటిపనిని కులవృత్తిగా కొందరికి అప్పగించి మిగిలినవారు దూరంగా నిలిచే ఏర్పాటును హరిశ్చంద్రకథ ప్రశ్నించకుండా వాడుకొన్నదని, తోబీతు కథలో అలాంటి అప్పగింత లేదని తెలుస్తుంది.

కోనసీమలో దయకు ప్రతీకగా చెప్పుకొనే పేరు డొక్కా సీతమ్మ (1841–1909). లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చిపోయే బాటసారులకు వేళాపాళా లేకుండా వండిపెట్టిన ఆ గృహిణి పేరు ఈనాడు అక్విడక్టుకూ, బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఉంది. ఏడు దయాకార్యాలలో మొదటిదానికి ఇంతకంటె గొప్ప నిదర్శనం ఏ మతంలోనూ వెదకనక్కరలేదు. మన లోకస్మృతి అన్నదాతను అన్నపూర్ణను చేసింది. శవాన్ని మోసినవాడికి అలాంటి పేరు పెట్టలేదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో చెన్నైలో మరణించిన నెల్లూరు వైద్యుడి దహనాన్ని స్థానికులు అడ్డుకొన్నారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోవిడ్ మృతుల అంత్యక్రియలకు 15,000 రూపాయలు ప్రకటించింది. రోగికి అన్నం పొట్లాలు అందించిన వీధులే శవానికి దారి ఇవ్వని రోజులవి. ఏడవ కార్యాన్ని జాబితాలో విడిగా ఎందుకు చేర్చారో అర్థం చేసుకోవడానికి మధ్యయుగాల దాకా పోనక్కరలేదు.

ఆచరణ చరిత్రలోకి వస్తే తెలుగునాట అత్యంత స్పష్టమైన ఉదాహరణ గుంటూరులో కనిపిస్తుంది. రాయలసీమలో జెస్విట్ల కర్ణాటక మిషన్ కాలంలో విశ్వాసం స్వీకరించిన రెడ్డి కుటుంబాలు ఉత్తరంగా వలసవచ్చి స్థిరపడిన ప్రాంతాలలో గుంటూరు సీమ ఒకటి. అక్కడ నెదర్లాండ్స్‌కు చెందిన జీసస్ మేరీ జోసఫ్ సభ సిస్టర్లు చిన్న వైద్యశాల నడుపుతుండగా, 1920 ఫిబ్రవరి 12న మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా వైద్యురాలు వచ్చి చేరారు. ఆమె 1887లో విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందారు. ఆ నగరంలోని కంటి, చెవి ఆసుపత్రిలో పనిచేశారు. వైద్యం లేక చనిపోతున్న భారతీయ స్త్రీల గురించి స్కాట్లండ్ వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్ చేసిన కృషిని వివరించే చిన్న పుస్తకం చదవడం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది.

చిక్కు ఇక్కడ వస్తుంది. పురుష వైద్యుడి చేత పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకోని స్త్రీలు పురిటినొప్పులలో మరణిస్తున్నారు. స్త్రీ వైద్యులు కావాలి. అలాంటి సేవకు జీవితాన్ని అంకితం చేయగల కన్యస్త్రీలు ఉన్నారు. కానీ వ్రతధారులు వైద్యం, ముఖ్యంగా ప్రసూతివైద్యం చేయడాన్ని చర్చి నియమాలు అంగీకరించలేదు. రోగుల పరామర్శ దయాకార్యమని బోధించే వ్యవస్థే ఆ కార్యానికి అవసరమైన చేతులను కట్టివేసింది. తోబీతుకు ముంగిలి ఎలాంటిదో, ఈ కన్యస్త్రీలకు ఆ నియమం అలాంటిది: పవిత్రతను కాపాడే గీత దయకు అడ్డుపడే చోటు. సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనే పేరుతో వ్రతం స్వీకరించిన గ్లౌరీ, పోపు పదిహేనవ బెనడిక్టు ప్రత్యేకానుమతితో వైద్యం కొనసాగించారు. అందరికీ వర్తించే సడలింపు రావడానికి 1936 దాకా పట్టింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో రోమునుంచి వెలువడిన ఉత్తరువు, మిషన్ దేశాలలో కన్యస్త్రీలు వైద్యం, ప్రసూతివిద్య నేర్చి ఆచరించడానికి దారి తెరచింది. నడుమ గడచిన పదహారేళ్లు చిన్న వ్యవధి కాదు. దయ గురించి రాసే చరిత్రలు సాధారణంగా ఈ ఆలస్యాన్ని ఒక వాక్యంలో దాటవేస్తాయి. ఆ కాలంలో పురుటిమంచాల మీద పోయిన ప్రాణాల వైపు నుంచి చూస్తే ఆ వాక్యానికి ఎక్కువ చోటు ఇవ్వాలి.

గుంటూరు వైద్యశాల సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. గ్లౌరీ ఊళ్లకు వెళ్లి కూడా వైద్యం చేశారు. 1943లో భారత కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ఈనాడు దాని కేంద్రకార్యాలయం సికింద్రాబాదులో ఉంది. 1957 మే 5న బెంగుళూరులో మరణించారు. 2013లో చర్చి ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ఈ వివరాలు ప్రసిద్ధమైనవే. నాకు వీటికంటె ముఖ్యంగా కనిపించేది స్థానిక స్త్రీలకు మందులు కలపడం, పురుడుపోయడం, రోగులను చూసుకోవడం నేర్పడం. వైద్యం పొందే స్త్రీలు వైద్యం చేసే స్త్రీలు కావడానికి అది తొలి మెట్టు.

దయ చరిత్రకు మరో పార్శ్వం ఉంది. పుచ్చుకొనేవారి స్థానాన్ని దయ ఎంత మార్చింది అనే ప్రశ్న అది. తెలుగు కతోలికులలో అధిక సంఖ్యాకులు దళితులు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తరువు హిందువులకు, తరువాతి సవరణలతో సిక్కులకు (1956), బౌద్ధులకు (1990) మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించిన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో లెక్కకు వస్తారు. పల్లెలో శ్మశానానికి దారి అడిగినప్పుడు మాత్రం వారిని కులంతోనే గుర్తిస్తారు. వరి పండే డెల్టాలో మెరకనేల అరుదు; ఆ నేలలో ఎవరి మృతులకు ఎంత చోటు అనేది పాత తగవు. చర్చి లోపలి అధికారంలోనూ మార్పు ఆలస్యంగానే వచ్చింది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితులలో ఆ పదవి పొందిన మొదటివారు ఆయనే.

తోబీతు గ్రంథమే ఈ ప్రశ్నను తనలో దాచుకొంది. కళ్లు పోయిన తోబీతు ఇంట్లో కూర్చున్నప్పుడు భార్య అన్నా కూలికి నేతపని చేసి ఇల్లు నడుపుతుంది. ఒకనాడు యజమానులు కూలితోపాటు ఒక మేకపిల్లను ఇస్తారు. దాని అరుపు విని తోబీతు అది దొంగసొత్తని అనుమానిస్తాడు, తిరిగి ఇచ్చివేయమంటాడు. కూలి మీద అదనంగా ఇచ్చారని ఆమె చెప్పినా నమ్మడు. జీవితమంతా ఇచ్చినవాడు, తన ఇంటికి ఒకరు ఇచ్చారంటే ఒప్పుకోలేకపోయాడు. నీ దానధర్మాలు ఇప్పుడేమైనాయని ఆమె అప్పుడు నిలదీస్తుంది. వ్యాఖ్యాతలు చాలాకాలం ఆమెను యోబు భార్యతో పోల్చి, సహనం లేని స్త్రీగా చిత్రించారు. మేకపిల్లను ఆమె చేతిలో ఉంచి చదివితే ఆ ఘట్టం వేరుగా కనిపిస్తుంది. అంధుడైన దాతకు ఆ రోజులలో అన్నం పెట్టింది అతడి దానం కాదు, ఆమె మగ్గం. గుంటూరు ఆసుపత్రిలో పురుడుపోయడం నేర్చుకొన్న స్త్రీల కథను రాయవలసి వస్తే, రఫాయేలు దగ్గర కాకుండా అన్నా దగ్గర మొదలుపెట్టాలి.